చదివిందే రాయాలి

జనవరి ఢిల్లీ పొగమంచును తిట్టుకోని ప్రయాణికుడు ఉండడు. కానీ విమానాలు చూడ్డానికే విమానాశ్రయం చుట్టూ తిరిగే మాలాంటివాళ్లకు ఆ పొద్దులంటే ప్రాణం.

మహిపాల్‌పూర్ దాటాక జాతీయ రహదారి పక్కన పెద్ద శివుడి విగ్రహం ఉంది. 29ఎల్ రన్‌వే మీద దిగే విమానాలు ఆ దరిదాపుల్లోంచే పోతాయి. ఆ విగ్రహం అడ్డమనే, విమానాలు దిగే హద్దును రన్‌వే లోపలికి బాగా జరిపారు. మామూలు రోజున అక్కడ తలెత్తితే ఎడమ రెక్క కింద ‘వీటీ’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ గుర్తును హాయిగా చదివి పుస్తకంలో రాసుకోవచ్చు.

మంచు కమ్మిన రోజున ముందు చెవులకు పని. బోయింగ్ 777 ఇంజన్లది బరువైన మోత. ఎయిర్‌బస్ ఏ320 నియోకి ప్రాట్ కంపెనీ ఇంజన్లుంటే, పవర్ తగ్గించినప్పుడు ఊళ పెట్టినట్టు సాగదీస్తాయి. మోత దగ్గరపడ్డాక తెల్లదనంలో ఒకచోట వెలుగు చిక్కబడుతుంది. చక్రాలు, పొట్ట నల్లగా కనిపించీ కనిపించకుండానే దాటిపోతాయి. అక్షరాలు మాత్రం అందవు.

ఆ మంచులో విమానాన్ని దించేది ఆటోపైలటే. రన్‌వే నుంచి వచ్చే రేడియో కిరణాలను పట్టుకుని మూడు డిగ్రీల వాలులో దిగుతుంది. ప్రయాణికులతో ఉన్న విమానం ఇలా తనంతట తాను నేలను తాకడం 1965 జూన్ 10న లండన్ హీత్రోలో మొదలైంది, ట్రైడెంట్ విమానంతో. ఇలా దట్టమైన మంచులో దిగే క్యాట్-3బి పద్ధతిలో రన్‌వే మీద 50 మీటర్లు కనబడితే చాలు, దిగొచ్చు. ఎగరడానికి మాత్రం 125 కావాలి, ఎందుకంటే లేపేది పైలటే. దిగడం కన్నా ఎగరడానికి ఎక్కువ చూపు కావాలన్న సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మొన్న పక్కన నిలబడ్డ వరంగల్ కుర్రాడు ఫోన్ చూపించాడు. “అన్నా, యాప్‌లో రిజిస్ట్రేషన్ వచ్చింది కదా, రాసుకోండి.”

“కంటితో చదివితేనే రాస్తా తమ్ముడూ.”

విమానం పంపే సంకేతాన్ని బట్టే యాప్ చూపిస్తుంది, అది సాధారణంగా అబద్ధమాడదు. అయినా నా పుస్తకం నేను చూసినవాటి లెక్క, వచ్చినవాటి లెక్క కాదు. ఈ పట్టింపు వదిలేస్తే ఇంట్లో కూర్చునే రాసుకోవచ్చు, ఇంత చలిలో రావడమెందుకు? పుస్తకంలో రిజిస్ట్రేషన్ గడి ఖాళీగా వదిలి పక్కన ‘నియో, ప్రాట్ మోత, చదవలేదు’ అని రాశాను.

ఎండ ముదిరి మంచు విడితే, దారి మళ్లి జైపూర్ పోయినవి కూడా వరసగట్టి తిరిగొస్తాయి. అప్పుడు తలదించడానికి కూడా తీరిక ఉండదు.