రభసలో రాసే చేతులు

హైదరాబాద్ అసెంబ్లీలో బడ్జెట్ పద్దుల రోజున అందరి చూపూ మంత్రుల మీదే. నాకు మాత్రం స్పీకరు ముందు బల్ల దగ్గర తలవంచుకుని రాసే సభ రిపోర్టర్లంటే గౌరవం. కాసేపటికొకరు వంతు మారతారు, మాట మాత్రం తెగదు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు ఒకే ప్రసంగంలో కలిసినా, నలుగురు ఒక్కసారే అరిచినా రాయాల్సిందే.

కోత తీర్మానాలు వీగిపోతాయి, పద్దులు మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. గడువు ముగిస్తే చర్చకు నోచుకోని పద్దులన్నీ గిలటిన్‌తో ఒకేసారి ఆమోదం పొందుతాయి (అన్నీ మన డబ్బులేనండీ!). తర్వాత ద్రవ్య వినిమయ బిల్లు. రాజ్యాంగం 204వ అధికరణం ప్రకారం, చట్టం ఒప్పుకోనిదే రాష్ట్ర సంచిత నిధి నుంచి పైసా కదలదు. ఆ పైసా గురించి ఎవరేమన్నారో రేపు తేల్చేది ఈ రిపోర్టర్ల రాతే. స్పీకరు తొలగించమన్న మాటనైనా ముందు చెవిన వేసుకోవాల్సింది వీళ్లే. సభలో ఇంతకంటే కష్టమైన కొలువు లేదని నా లెక్క.