కొంగ ముక్కు చెప్పే వేళ

అన్నవరం కొండ మీది నీడ గడియారం చూసి వచ్చాక, కాకినాడలో మా ఇంటి దక్షిణపు గోడకు నేనూ ఒకటి పెట్టాలనుకున్నాను. నీడ వేసే పుల్లను మన సిద్ధాంతులు శంకువు అన్నారు. నాకు మాత్రం అది కొంగలా ఉండాలనిపించింది.

కొంగే ఎందుకంటే, మన ఊరు ఉన్న చోటు అలాంటిది. గోడ మీది నీడ గడియారంలో శంకువు భూమి ఇరుసుకు సమాంతరంగా నిలవాలి. లండన్‌లో అది గోడకు 38 డిగ్రీల దగ్గరగా వాలి ఉంటుంది. కాకినాడ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఇక్కడ 90లోంచి 17 పోగా 73 డిగ్రీలు. దాదాపు అడ్డంగా పొడుచుకొచ్చి, కొస మాత్రం కాస్త, అంటే 17 డిగ్రీలు, కిందికి దిగుతుంది. చేప కోసం నీళ్లలోకి చూసే కొంగ ముక్కు అచ్చం అలాగే ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లోని బొమ్మను మక్కికి మక్కి దించితే మన గోడ మీద వేళ తప్పుతుంది.

మెడ, రెక్కలు, కాళ్లు మన ఇష్టం. సూర్యుడికి కావలసింది ముక్కు పైఅంచు ఒక్కటే. అది తిన్నగా ఉండాలి, తలా మెడా దాన్ని దాటి పైకి లేవకూడదు. మొదటి ఇత్తడి రేకులో అందం కోసం ముక్కును రవ్వంత వంచి కోయించాను. పన్నెండింటికి నీడ గీత మీదే పడింది. నాలుగింటికి తప్పింది. మధ్యాహ్నం దాక్కున్న వంపు సాయంత్రం బయటపడిందన్నమాట. రెండో రేకుకు ముక్కు అంచు వెంట దారం లాగి గోడ దాకా తెచ్చాను. దారం గోడను తాకిన చోటే గంటల గీతలన్నిటికీ మొదలు. పన్నెండు గీతకు మేస్త్రి తూకం దారం వేలాడదీస్తే చాలు. ఒంటిగంట గీత దానికి 14.4 డిగ్రీల దూరం, మూడింటిది 43.7.

నవంబరు మొదట్లో నా కొంగ చేతిగడియారం కన్నా పావుగంట ముందుంటుంది, ఫిబ్రవరి నడుమ పావుగంట వెనక. అది తప్పు కాదు. ఏడాది పొడవునా సూర్యుడి నడక ఒక్క తీరున ఉండదు, కొంగ ఆ నడకనే చూపిస్తుంది.

అసలు లోటు ఎండాకాలంలో తెలిసింది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఇక్కడ సూర్యుడు రోజంతా ఉత్తరం వైపే ఉంటాడు. దక్షిణపు గోడకు ఎండే తగలదు. అందుకే ఉత్తరపు గోడకు ఇంకో కొంగను కోయిస్తున్నాను. దాని ముక్కు అదే 17 డిగ్రీలు, కానీ పైకి. రాత్రి ఆ ముక్కు వెంట చూస్తే ధ్రువ నక్షత్రం ఉంటుంది.