తమిళ అక్షరాల్లో తెలుగు భజన

పురట్టాసి నెల శనివారాల భజనకని తమిళనాడులో మా అన్నూరు ఇంట్లో ఒక నోటుబుక్కు ఉంది. పాటలు తెలుగువి, రాత తమిళం. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. ప, బలకూ అంతే. బాలుడని రాస్తే పాలుడని కూడా చదవొచ్చు. అందుకే తమిళ సంగీత పుస్తకాల్లో లాగా అక్షరం పక్కన 2, 3, 4 అంకెలు వేసి చూశాను. మా అత్త చూసి, “ఇదేమిరా, కణక్కు (లెక్కల) బుక్కా?” అనింది. ఆమెకి అంకెలూ అక్కర్లేదు, అక్షరాలూ అక్కర్లేదు. పాటంతా నోటికే వచ్చు.

మాకు తెలుగు రాత లేకపోవడానికి, తమిళాన్ని పదో తరగతి దాకా తప్పనిసరి చేసిన 2006 చట్టాన్ని తిట్టేవాళ్లున్నారు. నేను తిట్టను. మా అత్త బడికి వెళ్లిన రోజుల్లో ఆ చట్టమెక్కడుంది? నాయక రాజుల కాలం నుంచి ఈ నేలమీద ఉన్నాం. ఇంట్లో మాట నిలుపుకున్నాం, రాత ఎప్పుడో వదిలేశాం.

మారిషస్ తెలుగువాళ్లది దీనికి తలకిందుల కథ. 1830ల నుంచి కోరంగి వంటి రేవుల్లో ఓడలెక్కి చెరకు తోటల కూలికి పోయినవాళ్ల సంతతి వాళ్లు. అక్కడి హిందువుల్లోనే చిన్న వర్గం. సర్కారు బడిలో తెలుగు చెప్తారు, మహాత్మాగాంధీ సంస్థలో పైచదువుకూ వీలుంది, ఉగాదికి దేశమంతా సెలవు. ఇంట్లో మాత్రం ఎక్కువమంది మాట్లాడేది క్రియోల్. అయినా సింహాద్రి అప్పన్నను మరవలేదు. రామభజనం అంటే రాత్రంతా దీపం చుట్టూ అడుగులేస్తూ పాడతారు.

ఆ చుట్టూ తిరగడమే నాకు నచ్చింది. మా పక్కనున్న కారమడై రంగనాథుడి మాసి తేరు పండగలోనూ దాసులు కాగడాలు వెలిగించి ఆడతారు. ఒళ్లు కదిలితే పాట తొందరగా పట్టుబడుతుంది. ఒకరు ముందు పాడాలి, మిగతావాళ్లు అందుకోవాలి. అర్థం తెలియని పిల్లవాడు కూడా నాలుగోసారికి గ దగ్గర గ, బ దగ్గర బ పలుకుతాడు. నా అంకెలకు ఆ పని చేతకాలేదు.

ఇప్పుడు కొన్ని ఇళ్లలో శనివారం ఫోనుకి స్పీకరు తగిలించి పాటలు పెడుతున్నారు. పాడేవాళ్లు దేశమంతా పేరున్నవాళ్లు, ఒక్క అక్షరమూ తప్పుపోదు. పోయిన పురట్టాసిలో అలాంటి ఒక ఇంటికి వెళ్లి, కూచుని విని, పొంగలి తిని వచ్చాం. మరునాడు మాలో ఎవరికీ గొంతు బొంగురుపోలేదు.