కావడిబద్ద నుంచి క్యూ కర్ర దాకా (ముందుమాట)

ఈ పుస్తకం రాతప్రతి మా ఇంటికి వచ్చింది నర్రవాడ వెంగమాంబ తిరునాళ్ల ముగిసిన వారానికి. గ్రంథకర్త నా కళ్లముందు పెరిగిన బిడ్డ. అరుగు మీద కూర్చుని, గోతాం సంచిలోంచి కాగితాలకంటే ముందు ఒక కర్ర తీశాడు. "తాతా, ముందు దీన్ని చూడు. బాగుందంటేనే కాగితాలిస్తా" అన్నాడు.

ఒక కన్ను మూసి లావు కొస నుంచి సన్న కొస దాకా చూశాను. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి మెల్లగా జార్చాను. ఏళ్ల తరబడి లేతు ముందు నిలబడినవాడికి కంటికంటే వేళ్లకే ఎక్కువ తెలుస్తుంది. ఎక్కడా గడ్డ లేదు, గుంట లేదు. కొయ్య ఎక్కడ సన్నబడడం మొదలైందో వేళ్లకు చిక్కలేదు. కాగితాలు ఇమ్మన్నాను.

పూల్ ఆడే కర్రను పిల్లలు క్యూ అంటారు, స్టిక్కు అంటారు. పొడవు దాదాపు 58 అంగుళాలు, బరువు అరకిలో పైచిలుకు. చేత్తో పట్టే లావు భాగం ఒకటి, బంతిని పొడిచే సన్న భాగం ఒకటి, రెండూ నడుమ మరతో బిగుస్తాయి. సన్న భాగం పేరు షాఫ్టు. 29 అంగుళాల పొడవుండే ఆ షాఫ్టు జాయింటు దగ్గర సుమారు 21 మిల్లీమీటర్ల లావుతో మొదలై మొన దగ్గర 13 మిల్లీమీటర్లకు దిగుతుంది. మా పనివాళ్లం దీన్ని టేపరు అంటాం. ఈ పుస్తకమంతా ఆ 8 మిల్లీమీటర్ల తేడాను తక్కువ ఖర్చుతో సొంతంగా కట్టుకున్న మిషను మీద దించడం గురించే. అంత చిన్న సంగతికి ఇంత పుస్తకమా అని ఎవరైనా అడిగితే, ఆ తేడాను చెయ్యి తిరిగేలా దించడానికి ఒక మనిషికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలుసని జవాబు చెబుతాను.

పూల్ అంటే పనిలేని కుర్రాళ్ల కాలక్షేపం అని మన పల్లెల్లో పెద్దల మాట. నేనూ అలాగే అనుకున్నవాణ్ణే. కానీ ఈ ఆట బల్లకు మన దేశంతో పాత చుట్టరికం ఉంది. దీని అన్న లాంటి స్నూకర్ 1875లో జబల్‌పూర్‌లో, నెవిల్ చాంబర్లేన్ అనే ఇంగ్లీషు సైనికాధికారి చేతుల్లో పుట్టింది. నియమాలు కుదురుకున్నది ఊటీ క్లబ్బులో. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచాడు. ఏ క్రీడలోనైనా మన దేశానికి వ్యక్తిగత ప్రపంచ టైటిల్ తెచ్చిన మొదటివాడిగా ఆయన్ని చెప్పుకుంటారు. అలాంటి ఆటకు కావలసిన పనిముట్టును మా దుత్తలూరు రేకుల షెడ్డులో కూర్చుని తయారు చెయ్యవచ్చని ఈ బిడ్డ చూపిస్తుంటే నాకు గర్వంగా ఉంది. ఆ మాట దాచుకోను.

టేపరు మనకు కొత్త విద్య కాదు. మా నాన్న వడ్రంగి. కావడిబద్దలు చెక్కేవాడు. కావడిబద్ద నడుమ లావుగా ఉండి, రెండు కొసలకూ సన్నబడుతూ పోవాలి. అంతా ఒకే లావుంటే భుజం కోస్తుంది, నడకకు ఊగదు. కొసలు మరీ సన్నమైతే కుండల బరువుకు వంగి మళ్లీ లేవదు. బాడిశతో మోటుగా చెక్కి, చిత్రికతో తీసి, మధ్యమధ్యలో మోకాలి మీద పెట్టి వంచి చూసేవాడు. ఆయన దగ్గర కొలబద్ద ఉండేది కాదు, వంపే కొలత. వెలిగొండల్లో దొరికే తడ కొయ్య దానికి శ్రేష్ఠం అనేవాడు. హిందీవాళ్లు ధామన్ అనే ఈ కొయ్యకు సాగే గుణం ఎక్కువ, విరగకుండా వంగుతుంది. పాత రోజుల్లో మన దేశంలో పనిముట్ల పిడులకూ, కావళ్లకూ, బిలియర్డ్స్ కర్రలకూ కూడా దీన్నే వాడేవారని తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మా నాన్న మోకాలి మీద వంచి చూసిన కొయ్యా, దొరల క్లబ్బుల్లో బంతిని పొడిచిన కొయ్యా ఒకటే.

మనకు పడమటి పక్కనున్న ఉదయగిరి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. దుర్గం కొండల కింద ఆడవాళ్లు నర్ది, దేవదారి, బిక్కి కొయ్యలతో చెంచాలు, ఫోర్కులు, కత్తులు చెక్కుతారు. భౌగోళిక గుర్తింపు పొందిన కళ అది. ఆ చెంచా కాడ పట్టుకుని చూడండి, అక్కడా టేపరే. కానీ ఆ కాడలు ఒకదానిలా ఒకటి ఉండవు, ఉండకూడదు కూడా. వాటి అందం అందులోనే ఉంది. క్యూ కర్ర అలా కాదు. ఆటగాడు ఒక కర్రకు చెయ్యి అలవాటు చేసుకుంటాడు. అది విరిగితే రెండోది అచ్చం అలాగే ఉండాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా దెబ్బ మారుతుంది. చేతిపనిని ప్రాణంగా చూసే నేను ఇక్కడ యంత్రం కావాలని ఒప్పుకోవడానికి కారణం ఇదే.

ఇక యంత్రం. సూత్రం పాతదే. ఒక నమూనాను తడుముతూ పోయే వేలు, ఆ వేలు ఎలా కదిలితే అలా కదిలే కత్తి. 1819లో అమెరికాలో థామస్ బ్లాన్షార్డ్ తుపాకీ మడమలు చెక్కడానికి పేటెంటు తీసుకున్న లేతు ఈ సూత్రం మీదే నడిచింది. మన గ్రంథకర్త మిషనులో షాఫ్టు రెండు సెంటర్ల మధ్య మెల్లగా తిరుగుతుంది. తిప్పేది పాత లారీ వైపర్ మోటారు. పక్కన బండి మీద వడ్రంగులు అంచులు తీసుకునే చిన్న ట్రిమ్మర్ మిషను ఉంటుంది, దాని కత్తి నిమిషానికి 30,000 చుట్ల దాకా తిరుగుతుంది. బండిని ముందుకు లాగేది 10 మిల్లీమీటర్ల త్రెడ్ రాడ్డు. ఒక చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటరు జరుగుతుంది కాబట్టి షాఫ్టు ఈ కొస నుంచి ఆ కొసకు పోవడానికి దాదాపు 490 చుట్లు. మొదట ఆ చుట్లన్నీ సైకిల్ పెడలు బిగించి చేత్తోనే తిప్పాడట. తర్వాత నిమిషానికి 60 చుట్ల మోటారు పెట్టాడు. ఎనిమిది నిమిషాల పని.

నిలకడ కత్తి ఎందుకు పెట్టలేదని నేను అడిగాను. 13 మిల్లీమీటర్ల కొయ్యకు ఉలి ఆనిస్తే కొయ్య అవతలికి వంగి తప్పించుకుంటుంది, వణుకుతుంది, నడుమ లావు మిగిలిపోతుంది. తిరిగే కత్తి ఒక్కో దెబ్బకు పిసరంత పొట్టు తీస్తుంది కాబట్టి కొయ్యను నెట్టే బలం తక్కువ. ఆ జవాబు నాకు నచ్చింది. అనుభవం మీద తెలుసుకున్న జవాబది.

వాలు పుట్టేది గైడు బద్దలో, అంటే వేలు తడుముతూ పోయే నమూనాలో. ఒక అల్యూమినియం పట్టీని ఆరేసి అంగుళాలకొక మరతో ముందుకూ వెనక్కూ జరిపేలా బిగించాడు. సూటిగా పెడితే షాఫ్టు ఆసాంతం ఒకే వాలుతో దిగుతుంది. మొన నుంచి అడుగు పొడవు దాకా లావు మారకుండా ఉంచి ఆ తర్వాత లావు పెంచాలంటే (దాన్నే ప్రో టేపరు అంటారు) మరలు తిప్పి పట్టీని ఆ ఆకారానికి వంచుకోవచ్చు. ఒకే బద్దతో పది రకాల కర్రలు. ఈ పుస్తకంలో నేను అందరికంటే ముందు టర్నర్లకు చూపించబోయే పేజీ ఇదే.

ఆ పేజీలోనే ఒక హెచ్చరిక ఉంది. దాన్ని చదివినప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. షాఫ్టు లావులో తేడా 8 మిల్లీమీటర్లయితే బద్ద జరగాల్సింది 4 మాత్రమే, ఎందుకంటే కొయ్య తిరుగుతోంది, కత్తి తీసేది అన్ని వైపులా తీస్తుంది. నేను నెల్లూరులో ఒక వర్క్‌షాపులో పనిలో చేరిన కొత్తలో ఒక రైసుమిల్లు కోసం ఆరు టేపరు షాఫ్టులు తిప్పమన్నారు. సగం చెయ్యాలన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. లేతులో కడ్డీ రెండో కొసను పట్టే టెయిల్ స్టాకును మొత్తం తేడా మేరకు జరిపేశాను. ఆరు ఇనుప కడ్డీలూ పాడైపోయాయి. మూడు వారాల కూలి పోయింది. అప్పట్లో పనిలో పెద్దవాళ్లు ఇలాంటి కిటుకులు నోరు విప్పి చెప్పేవాళ్లు కాదు, దొంగచాటుగా చూసి నేర్చుకోవాల్సిందే. ఈ బిడ్డ తాను ఇదే తప్పు చేసి నాలుగు కొయ్యలు పోగొట్టుకున్నానని రాసి, చెడిపోయిన కొయ్యల బొమ్మలు కూడా వేశాడు. పుస్తకానికి ముందుమాట రాయడానికి నేను ఒప్పుకున్నది ఆ బొమ్మలు చూసిన క్షణంలోనే.

తక్కువ ఖర్చు అనే మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఉన్న డబ్బును అన్నిటికీ సమానంగా పంచి, అన్నీ నాసిగా కొనడం పొదుపు కాదు. ఇతను మోటారు, స్విచ్చులు పాత ఇనుప సామాన్ల అంగట్లో తెచ్చాడు, పెట్టె తన చేత్తో చేసుకున్నాడు. సగానికి పైగా డబ్బు మాత్రం రెండింటి మీదే పెట్టాడు: మిషనంతా నిలిచే బెడ్డు కింద ఉన్న దళసరి చదరపు ఇనుప గొట్టాలు, టెయిల్ స్టాకులోని రివాల్వింగ్ సెంటర్. మొదటి మిషనులో బండిని డ్రాయర్ల రైళ్ల మీద నడిపాడు. వారం తిరక్కుండానే అవి వదులై కర్ర మీద అలలు వచ్చాయి. రెండో మిషనులో గుండ్రటి ఉక్కు కడ్డీలు, బేరింగులు పెట్టాడు. ఆ ఖర్చు తప్పదు. బెడ్డు సూటిగా ఉందో లేదో చూసే పద్ధతి కూడా బాగా రాశాడు: గైడు బద్దను పక్కన పెట్టి, ఒక కొయ్యను ఊరికే సమంగా తిప్పి, రెండు కొసలూ వెర్నియర్‌తో కొలవాలి. రెండూ ఒకటైతేనే టేపరు జోలికి పోవాలి. సెంటర్ల గీతకూ బండి నడకకూ ఒక మిల్లీమీటరు తేడా ఉంటే కర్ర లావులో అది రెండు మిల్లీమీటర్లయి కూర్చుంటుంది. ఇక్కడ కూడా ఆ సగం లెక్కే.

ఆరో అధ్యాయం కొయ్యను ఆరబెట్టడం గురించి. ఇది మన ప్రాంతం వాళ్లకు తొందరగా ఎక్కుతుంది. మనకు డి.సి.పల్లి పొగాకు వేలం తెలుసు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ తెలుసు. ఆకును కట్టి వేలాడదీసి, ముందు సన్నని వేడిలో పసుపు పండిస్తాం, తర్వాత ఆకు ఆరనిస్తాం, ఆఖర్న ఈనె ఆరనిస్తాం. తొందరపడి మంట పెంచితే ఆకు పోతుంది. క్యూ కొయ్యా అంతే. అంగుళం పైచిలుకు చదరం ముక్కను ఒక్కరోజులో 13 మిల్లీమీటర్లకు దించితే, లోపల బిగుసుకున్న ఒత్తిడి తెగి మర్నాటికి విల్లులా వంగుతుంది. కొంచెం తీసి, దూలానికి నిలువుగా వేలాడదీసి, వారాలు ఆగి, మళ్లీ కొంచెం తియ్యాలి. ఇతను ఆరు విడతలుగా తీస్తాడు. ప్రతి విడతకూ కొయ్య వంగిందా లేదా చూసి, వంగినదాన్ని మొహమాటం లేకుండా పక్కన పడేస్తాడు. వాటిని చిత్రిక పిడులకు వాడుకోమని రాశాడు, మంచి మాట.

రెండు విషయాల్లో మాకు వాదన జరిగింది. అతను మొదటి కర్రలు టేకుతో చేశాడు. టేకు తలుపులకు రాజు, దెబ్బ తినే షాఫ్టుకు కాదు. దాని నార పొడవున తెగుతుంది, దెబ్బ చేతికి మొద్దుగా వస్తుంది. ఇప్పుడు షాఫ్టుకు ఉత్తర అమెరికా మేపుల్ తెప్పించుకుంటున్నాడు, పూల్ కర్రకు ఎక్కువగా వాడే కొయ్య అదే. స్నూకర్‌వాళ్లు ఎక్కువగా యాష్ వాడతారు. తడ కొయ్య అడవిలో ఉంది కదా అని ఎవరూ గొడ్డలి పట్టకండి. అనుమతి ఉన్న టింబర్ డిపోలో రసీదుతో దొరికితేనే కొనండి. మన కొండల్లో ఎర్రచందనం చుట్టూ ఎన్ని కుటుంబాలు కన్నీళ్లు పెట్టుకున్నాయో ఈ ప్రాంతం వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పిడి భాగానికి అందంగా ఉంటుందని ఆ కొయ్య వైపు చూపు కూడా పోనివ్వకండి.

రెండో వాదన కత్తి మీద. మొదటి రాతప్రతిలో ట్రిమ్మర్ కత్తికి మూత లేదు. 30,000 చుట్ల కత్తి పక్కన లుంగీ కొంగు, వదులు చొక్కా, చేతికి కట్టిన తాయెత్తు దారం, ఏదీ ఉండకూడదు. పొట్టు ముక్కులోకి పోకుండా మాస్కు, కంటికి అద్దాలు ఉండి తీరాలి. మూత బొమ్మ వేసి కొలతలు పెట్టేదాకా సంతకం పెట్టనని చెప్పాను. నెల తర్వాత ఒక అధ్యాయమే చేర్చి తెచ్చాడు. అది ఇప్పుడు పుస్తకంలో మొదటి అధ్యాయం.

పూల్ కర్రల లోకంలో జార్జ్ బాలబుష్కా పేరు తెలియనివాళ్లు ఉండరు. రష్యాలో పుట్టి అమెరికా చేరిన వడ్రంగి, పిల్లల బొమ్మలు కూడా చేసి బతికినవాడు. 1959 ప్రాంతంలో కర్రలు బాగు చెయ్యడం, కొత్తవి చెయ్యడం మొదలుపెట్టాడు. 1975లో ఆయన పోయాక ఆ కర్రలను జనం వెతికి వెతికి కొన్నారు. ఏటికొప్పాకలో అంకుడు కొయ్యతో లక్కబొమ్మలు తిప్పే చేతుల్నీ, ఉదయగిరిలో చెంచా చెక్కే చేతుల్నీ చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. బొమ్మ తిప్పిన చెయ్యి కర్రకు దూరం కాదు. మన చేతివృత్తుల పిల్లలు ఈ పుస్తకం చదవాలని నేను కోరేది అందుకే.

పుస్తకం ఆఖర్న ఖాళీ గడుల పట్టిక ఒకటి ఉంది. ఎవరి కర్ర కొలతలు వాళ్లు రాసుకోవడానికి, ఆరేసి అంగుళాలకొక గడి. మా అటక మీద మా నాన్న చెక్కిన కావడిబద్ద ఇంకా ఉంది. దాన్ని కిందికి దింపి, దుమ్ము తుడిచి, వెర్నియర్ పెట్టి కొలిచి, నా ప్రతిలో మొదటి వరసలో రాసుకున్నాను. నడుమ నుంచి ఎడమ కొసకు ఎంత సన్నబడిందో, కుడి కొసకూ దాదాపు అంతే. తేడా అర మిల్లీమీటరు. ఆ కొలతలతో గైడు బద్ద మరలు బిగిస్తానని గ్రంథకర్త కాగితం తీసుకుని పోయాడు.

దుత్తలూరు