‘కల్కి 2898 ఏ.డి.’ సంగీతం: తెర, ప్రవేశం, ఆల్బమ్ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగులో సినిమా సంగీతవిమర్శ ప్రధానంగా పాటల చుట్టూ సాగింది. నేపథ్యసంగీతాన్ని ప్రత్యేకంగా పరిశీలించిన సందర్భాలు తక్కువ. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏ.డి.’ చిత్రానికి సంతోష్ నారాయణన్ కూర్చిన సంగీతం ఈ వ్యాసానికి విషయం. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు భాగంగా ఉండిన ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోని చిందు యక్షగాన సంప్రదాయం నుంచి పాత్రప్రవేశపద్ధతిని ప్రమాణంగా తీసుకుని, ఈ సంగీతం ఎక్కడ సఫలమైందో, ఎక్కడ వెనుకబడిందో ఈ వ్యాసం నిర్ణయిస్తుంది. నేపథ్యసంగీతాన్ని ఆల్బమ్‌గా భద్రపరచవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నేపథ్యసంగీతం, వైజ్ఞానిక కల్పన, చిందు యక్షగానం, ప్రవేశదరువు, కల్కి, ఆదిత్య 369.

1. ఉపోద్ఘాతం:

వైజ్ఞానిక కల్పనా చిత్రానికి సంగీతం కూర్చేవారికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తెరపై కనిపించే లోకం ఎక్కడా లేదు. ప్రేక్షకుడు దానిని నమ్మాలి. ఈ ఇబ్బందిని దాటడానికి ప్రపంచ సినిమాలో రెండు మార్గాలు బలంగా కనిపిస్తాయి. ‘స్టార్ వార్స్’ (1977)లో జాన్ విలియమ్స్ అపరిచితమైన లోకానికి పరిచితమైన నాదాన్ని ఎంచుకున్నారు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో 19వ శతాబ్దపు పాశ్చాత్య సంగీతధోరణిలో పాత్రలకు స్వరగుర్తులు కల్పించారు. ‘బ్లేడ్ రన్నర్’ (1982)లో వాంజెలిస్ దీనికి భిన్నంగా సింథసైజర్ల నాదంతోనే ఒక నగరాన్ని నిర్మించారు.

ఆల్బమ్‌ల విషయంలోనూ ఈ రెండింటి చరిత్ర వేరు. మొదటిది చిత్రం విడుదలైన ఏడాదే జంట ఎల్పీ రికార్డుగా శ్రోతలకు చేరింది. రెండవదానికి వాంజెలిస్ సొంత ఆల్బమ్ 1994లో గాని రాలేదు. అప్పటివరకు దొరికింది మరొక వాద్యబృందం చేసిన అనుసరణ మాత్రమే. సంగీతం గొప్పదైనంత మాత్రాన అది శ్రోతకు దక్కుతుందన్న భరోసా లేదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

2. తెర వెనుక దరువు:

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేవరకు నిజామాబాద్ జిల్లాలో భాగం. ఆ ఉమ్మడి జిల్లా చిందు యక్షగానానికి ప్రసిద్ధమైన నేల. 2005లో మరణించిన చిందు ఎల్లమ్మ ఆ కళకు రాష్ట్రమంతటా గుర్తింపు తెచ్చిన కళాకారిణి. మద్దెల, తాళాలు, హార్మోనియం, వంతపాడేవారి గొంతులు ఇందులోని ప్రధాన నాదసామగ్రి.

యక్షగానంలో పాత్రప్రవేశానికి ఒక క్రమం ఉంది. ఇద్దరు పట్టుకున్న తెర వెనుక పాత్రధారి నిలుస్తాడు. ముఖం కనిపించకముందే దరువు మొదలవుతుంది. వచ్చేది రాజా, రాక్షసుడా, దేవతా అన్నది ప్రేక్షకుడు మొదట చెవితోనే తెలుసుకుంటాడు. తెర తొలగిన తరువాత కన్ను ఆ ఊహను ధ్రువపరుస్తుంది. ఇక్కడ వాద్యాల సంఖ్య చాలా చిన్నది. నడక, తాళం, పాడే తీరు మారడమే పాత్రభేదాన్ని నిర్మిస్తుంది. విలియమ్స్ పెద్ద వాద్యబృందంతో సాధించిన స్వరగుర్తింపు ఇక్కడ మద్దెల, తాళాలతోనే సిద్ధిస్తున్నది. అందువల్ల పాత్రకు స్వరగుర్తు కల్పించే పద్ధతిని కేవలం పాశ్చాత్యమని భావించడం సరికాదు.

3. ‘కల్కి’లో ప్రవేశాలు:

‘కల్కి’ కథ కురుక్షేత్రంతో మొదలై సుమారు 6000 సంవత్సరాల తరువాతి కాశికి చేరుతుంది. కాశి, కాంప్లెక్స్, శంబల అనే మూడు లోకాలు ఇందులో ఉన్నాయి. అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా, ప్రభాస్ భైరవగా, దీపికా పదుకొణె కల్కిని గర్భంలో మోస్తున్న స్త్రీగా నటించారు.

చంద్రబోస్ రచించగా కాలభైరవ ప్రధానంగా గానం చేసిన ‘థీమ్ ఆఫ్ కల్కి’ ఈ సంగీతంలో ఆలోచన పరంగా అత్యంత బలమైన భాగం. చిత్రం ముగిసేవరకు కల్కి జన్మించడు. ఈ గీతం ఎవరి రాకను కీర్తిస్తుందో ఆ వ్యక్తి తెరపైకి రాడు. యక్షగాన పరిభాషలో చెప్పాలంటే ఇది తెర దించని ప్రవేశదరువు. ముఖం చూపకుండా గొంతులతోనే ఒక రాకను ప్రకటించడం వల్ల బృందగానం ఇక్కడ అలంకారంగా మిగలక కథాధర్మమవుతుంది.

‘భైరవ ఆంథమ్’ స్థితి వేరు. దిల్జీత్ దోసాంజ్ గొంతు, పంజాబీ లయ భైరవలోని చిలిపితనాన్ని, డబ్బు కోసం ఏ పనికైనా సిద్ధపడే స్వభావాన్ని పట్టుకున్నాయి. అయితే చిత్రాంతంలో భైరవ కర్ణుడని వెల్లడవుతుంది. ఆ గీతం వేషాన్ని పరిచయం చేసింది గాని వేషం లోపలి మనిషిని పరిచయం చేయలేదు. ఉత్సాహంగా సాగే ఆ లయలోనే ఎక్కడో కర్ణుని గాంభీర్యానికి బీజం వేసి ఉంటే, చివరి సన్నివేశంలో ప్రేక్షకుని చెవి కంటికన్నా ముందే సత్యాన్ని పసిగట్టేది. పాటగా అది రంజింపజేస్తుంది. ప్రవేశదరువుగా మాత్రం అసంపూర్ణం.

కాంప్లెక్స్‌లోని ‘టా టక్కర’ ఎలక్ట్రానిక్ నాదంతో భోగలోకాన్ని స్పష్టంగా వేరు చేసింది. కాశికి మాత్రం అంతటి ప్రత్యేకనాదం ఏర్పడలేదు. కురుక్షేత్రానికీ, అశ్వత్థామ పరాక్రమానికీ, కల్కి మహిమకూ దాదాపు ఒకే రకమైన గాంభీర్యం పరచుకోవడం మరొక లోపం. శాపభారంతో యుగాలు మోసిన వృద్ధునికి, ఇంకా పుట్టని శిశువుకు మధ్య ఉన్న భేదం నాదంలో మరింత తేటపడవలసింది. ‘దసరా’ (2023)లో తెలంగాణ పల్లె నాదాన్ని చక్కగా వినియోగించిన సంగీతదర్శకుడే ఈయన కావడం వల్ల ఈ లోటు మరింత గుర్తుకు వస్తుంది.

4. ‘ఆదిత్య 369’తో పోలిక:

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ తెలుగులో కాలయానకథకు మేలిబాట వేసింది. ‘కల్కి’ నిర్మాణారంభంలో సింగీతం మార్గదర్శకులుగా ఉండడం ఈ రెండు చిత్రాలను కలిపే తీగ. ఇళయరాజా ఆ చిత్రంలో కాలభేదాన్ని నాదభేదంగా మార్చారు. ‘సెంచరీలు కొట్టే వయస్సు మాది’ వర్తమాన యువతకు చెందిన పాశ్చాత్య లయలో నడుస్తుంది. ‘జాణవులే నెరజాణవులే’ శ్రీకృష్ణదేవరాయల కాలపు శృంగారాన్ని శాస్త్రీయచ్ఛాయలో నిలుపుతుంది. కళ్లు మూసుకున్నా ఏ కాలంలో ఉన్నామో తెలుస్తుంది. ‘కల్కి’కి లభించిన సాంకేతిక సౌకర్యాలు 1991లో లేవు. అయినా లోకాలను విడదీయడంలో పాత చిత్రమే స్పష్టమైనది.

5. ఆల్బమ్ ఎందుకు?

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సులో వెళుతూ ఫోన్‌లో సంగీతం వినే శ్రోతను ఊహించవచ్చు. ఫోన్‌లోని చిన్న స్పీకరు మంద్రనాదాలను పలికించలేదు. థియేటర్‌లో గుండెను అదిరించిన గర్జనలు అక్కడ మాయమవుతాయి. స్వరరచన, గొంతు, లయ మాత్రం మిగులుతాయి. నేపథ్యసంగీతానికి ఇది కఠినమైన పరీక్ష, న్యాయమైన పరీక్ష కూడా. ‘థీమ్ ఆఫ్ కల్కి’ దీనిలో నెగ్గుతుంది.

కాని పరీక్షకు పెట్టాలంటే ముందు సంగీతం విడిగా దొరకాలి. తెలుగులో ‘ఆడియో’ అన్న మాటకు చిరకాలం పాటలనే అర్థం. పోరాటసన్నివేశంలోని వాద్యరచనను పరిశీలించదలచిన పరిశోధకుడు సంభాషణల, పేలుళ్ల అడుగున దానిని వెతుక్కోవలసి వస్తుంది. ఇళయరాజా తన రచనను స్వరలిపిలో రాసి వాద్యకారులకు అందించే సంగీతకారుడు. అటువంటి కాగితాలు, విడి ధ్వనిముద్రణలు సాహిత్యానికి రాతప్రతుల వంటివి. అవి లేకపోతే సంగీతచరిత్ర పాటల చరిత్రగానే మిగిలిపోతుంది.

6. ముగింపు:

‘కల్కి’ సంగీతం రానివాని కోసం పాడినప్పుడు ఉన్నతంగా ఉంది. వచ్చినవారిని ఒకరి నుంచి ఒకరిని వేరు చేయవలసినచోట తడబడింది. దీనికి వాద్యబృందం చాలకపోవడం కారణం కాదు. పాత్రకు తగిన దరువును నిర్ణయించడంలోనే లోపం ఉంది. మద్దెల, తాళాలతో ఆ నిర్ణయాన్ని సాధించిన సంప్రదాయం ఈ నేలపైనే ఉంది. చిత్రనిర్మాణసంస్థలు నేపథ్యసంగీతాన్ని సన్నివేశక్రమంలో, రచయితల, వాద్యకారుల పేర్లతో సమగ్రమైన ఆల్బమ్‌గా విడుదల చేస్తే ఇటువంటి తులనాత్మక పరిశీలనకు గట్టి ఆధారం ఏర్పడుతుంది. అప్పుడే తెలుగు సినిమా నేపథ్యసంగీతం విమర్శకు నిలిచే రచనగా గుర్తింపు పొందుతుంది.