పీచుతో అల్లిన కవచం

ఆ కవచంలో ఇనుప ముక్క ఒక్కటీ లేదు. మెడ దగ్గర్నుంచి తుంటి దాకా దట్టంగా అల్లిన కొబ్బరి పీచే. వీపు వైపు తలను దాటి పైకి లేచిన పలక ఉంటుంది, అదీ పీచే. లోపల తొడుక్కునే చొక్కా, లాగు కూడా ఆ దారంతో అల్లినవే. తలమీదికి ముళ్లచేప చర్మంతో చేసిన శిరస్త్రాణం. పసిఫిక్ నడిబొడ్డున ఉన్న కిరిబాటి దేశంలో, ముఖ్యంగా గిల్బర్ట్ దీవుల్లో, పూర్వం యోధులు తొడిగినవి ఇవి. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ, కేంబ్రిడ్జ్‌లోనూ కొన్ని భద్రంగా ఉన్నాయి. చూసేవాళ్ల కన్ను ముందుగా పక్కనున్న సొరచేప పళ్ల కత్తి మీద పడుతుంది. అది సహజమే. కానీ ఈ పనిలో అసలు గొప్పతనం కత్తిలో లేదు, దారంలో ఉందని నా నమ్మకం.

ఆ నేల ఎలాంటిదో తెలిస్తేనే ఆ దారం విలువ తెలుస్తుంది. కిరిబాటిలో 33 దీవులు. బనాబా ఒక్కటే కాస్త ఎత్తైనది. మిగతావన్నీ పగడపు దిబ్బలు, చాలాచోట్ల సముద్రమట్టానికి రెండు మూడు మీటర్లకు మించి లేవవు. నేలంతా కలిపినా 811 చదరపు కిలోమీటర్లే. దేశం కిందికి వచ్చే సముద్రం మాత్రం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. తవ్వితే లోహం దొరకదు, కుండ చేద్దామంటే బంకమన్ను లేదు, పెద్ద మానులు అరుదు. ఆ ఉప్పు ఇసుకలో దండిగా బతికేవి కొబ్బరి, మొగలి.

కాబట్టి పని డొక్కతో మొదలవుతుంది. కాయ ఒలిచాక మిగిలిన డొక్కల్ని మడుగు ఒడ్డున ఇసుకలో పాతి, కొట్టుకుపోకుండా రాళ్లు పెట్టి, ఆటుపోట్ల నీటిలో వారాలు, ఒక్కోసారి నెలలు నాననిస్తారు. పీచును పట్టి ఉంచిన పొట్టు మెత్తబడ్డాక బాది, కడిగి, ఎండబెడతారు. ఆ తర్వాతిదే కష్టమైన పని. కొబ్బరి పోగు పెద్ద పొడవుండదు. అలాంటి పొట్టి పోగుల్ని రెండు పాయలుగా తొడ మీద పరిచి, అరచేత్తో ముందుకు దొర్లించి పురి ఎక్కించి, వెనక్కి లాగుతూ రెంటినీ పెనవేయాలి. పాయ పలచబడకముందే కొత్త పోగులు అందించాలి. అందించిన చోటు ఉబ్బకూడదు, సన్నబడకూడదు. రాట్నం లేదు, చక్రం లేదు. ఎక్కువగా ఆడవాళ్లే చేసే ఈ దారాన్ని అక్కడ కోరా అంటారు. కొబ్బరి పీచు ఉప్పునీటికి తొందరగా కుళ్లదు, తడిసినా బలం నిలుపుకుంటుంది. ఆ గుణాన్ని వాళ్లు ఎంత లోతుగా ఎరిగారో కట్టిన ప్రతి వస్తువూ చెబుతుంది.

కవచంలో పేట పక్కన పేట చేర్చి, సందు లేకుండా ముడులు వేసుకుంటూ పోయారు. దెబ్బను ఆపేది ఆ ఒత్తైన అల్లికే. వెనక పలక మెడకు, తలకు రక్షణ. అంతటితో పని తీరింది కదా, ఆపేయవచ్చు. ఆపలేదు. గోధుమరంగు పీచు మధ్య నల్లటి మనిషి జుట్టును కలిపి నలుపలకల బొమ్మలు తేల్చారు. యుద్ధానికి వేసుకునే బట్టలో ఆ అందం ఎందుకని అడగబుద్ధి కాదు నాకు. అంత పని చేసిన చేతులు ముచ్చట తీర్చుకోకుండా వదలవు. శిరస్త్రాణమూ తెలివైన పనే: ఉబ్బిన ముళ్లచేప తోలును ఆ ఆకారంలోనే ఎండబెడితే ముళ్లు నిక్కబొడుచుకుని గట్టిపడతాయి.

ఇంతటి సరంజామా వెనక చట్టం లాంటి ఒక కట్టుబాటూ ఉంది. మనిషిని చంపితే అతని వాళ్లకు పరిహారంగా భూమి ఇచ్చుకోవాల్సి వచ్చేది. నేల అంత కరువైన చోట అది పెద్ద శిక్ష. అందుకే పోరులో గాయపరచడానికే చూసేవారు.

ఇదే దారం పడవనూ కట్టింది. పలకలకు చిల్లులు పొడిచి కోరాతో కుట్టి, ఒక పక్కన తేలుడు దుంగ కట్టుకుని ఆ సముద్రాల మీద తిరిగారు. మన కోస్తాలో మేకులు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టిన మసూలా పడవలు ఒడ్డు అలలకు విరగకుండా వంగినట్టే, అవీ అలలకు సాగేవి. ఊరంతా కూడే మనేబా అనే పెద్ద సావడికీ దూలాలను పట్టి ఉంచింది ఈ కట్లే. మొగలాకు కప్పు చూరు కిందికి దిగి ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లేవారు తల వంచాల్సిందే. లోపల ఏ కుటుంబం ఎక్కడ కూర్చోవాలో తరతరాలుగా నిర్ణయమై ఉంటుంది.

ఇక ఆ పళ్ల కత్తులు. ప్రతి పన్ను అడుగున సన్నటి బెజ్జం తొలిచి, కర్ర అంచున వరసగా నిలబెట్టి, పీచుతో, జుట్టుతో బిగించారు. 2013లో కొందరు శాస్త్రవేత్తలు షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో ఉన్న ఇలాంటి ఆయుధాల పళ్లను ఒక్కొక్కటిగా పోల్చి చూశారు. డస్కీ, స్పాట్‌టెయిల్ అనే రెండు రకాల సొరచేపల పళ్లు వాటిలో కనిపించాయి. ఆ రెండూ గిల్బర్ట్ దీవుల నీళ్లలో ఉన్నట్టు ఆధునిక రికార్డుల్లో ఎక్కడా లేదు. ఏ చేపల లెక్కల పుస్తకమూ రాసిపెట్టని ఆ సంగతి, ఊడిపోని కట్ల పుణ్యాన నూరేళ్లకు పైగా నిలిచి మనదాకా వచ్చింది.