వైరసును దొంగ అనుట చాలునా?

ఉన్నత పాఠశాలలలో వైరసును గూర్చి చెప్పునపుడు ఒక ఉపమానము తరచుగా వినవచ్చును. వైరసు దొంగవంటిది, జీవకణమను ఇంట జొరబడి, యజమానిని కట్టివేసి, అక్కడి సామగ్రితో తన సంతతిని పెంచుకొని, ఇల్లు కూల్చి పోవును. పిల్లలకిది వెంటనే బోధపడును. పోలియో వైరసు విషయమున చాలవరకు సరిపోవును గూడ.

కాని మానవ పాపిలోమా వైరసు విషయమున ఈ కథ తప్పుదారి పట్టించును. గర్భాశయ ముఖద్వార క్యాన్సరులో ఈ వైరసు 16, 18 రకములను 1983, 1984 సంవత్సరములలో కనుగొన్నది హరాల్డ్ జుర్ హౌసెన్ బృందము. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించినది.

ఈ వైరసు కణమును కట్టివేయదు; కట్లు విప్పును. తన డి.ఎన్.ఏ.కు ప్రతులు తీయించుకొనుటకు దానికి విభజనకు సిద్ధమైన కణము కావలెను. కణములో ఆర్.బి. అను ప్రోటీను ఇ2ఎఫ్ అను మరియొకదానిని పట్టియుంచును. ఇ2ఎఫ్ విడుదలైనచో విభజనకు వలయు జన్యువులు పనిచేయ నారంభించును. వైరసుయొక్క ఇ7 ప్రోటీను ఆర్.బి.కి అంటుకొని ఆ పట్టును సడలించును. ఇట్టి అక్రమ విభజనను ఆపవలసినది పి53 ప్రోటీను. దానిని వైరసుయొక్క ఇ6, కణముయొక్క సొంత ఎంజైము చేతనే నాశనము చేయించును. పనిచేయు జన్యువులు కణమువే. వైరసు వాటి కళ్ళెము వదలించినది, అంతే.

ఇ6, ఇ7లకు మరి కళ్ళెమేది? వైరసులోనే గల ఇ2 ప్రోటీను. వైరసు డి.ఎన్.ఏ. మన క్రోమోజోములో చేరునపుడు తరచుగా ఇ2 జన్యువు తెగిపోవును. అట్టి కణములలో కొత్త వైరసులు పుట్టవు. దొంగకు లాభమే లేని దొంగతనమన్నమాట! 1951లో సేకరింపబడిన ప్రసిద్ధ హీలా కణములు ఇట్టివే. ప్రయోగశాలలో వాటికి ఇ2ను అందింపగా పి53, ఆర్.బి. మేల్కొని విభజనను నిలిపినవి. దశాబ్దములు గడచినను యజమాని చావలేదు!

ఈ భేదము పాండిత్యప్రదర్శన కొరకు కాదు. దొంగ కథ మాత్రమే విన్న బాలిక, వైరసు సోకినచో ఇల్లు కూలినట్లేనని భయపడును. నిజమునకు ఈ వైరసు సోకినవారిలో అధికసంఖ్యాకులకు అది తానే తొలగిపోవును. ఏండ్ల తరబడి నిలిచినచోటనే క్యాన్సరు భయము. టీకాలో ఉన్నది వైరసు పైతొడుగు ప్రోటీను మాత్రమే. అది వైరసును గుమ్మములోనే ఆపును. లోపల చేరిన ఇ6, ఇ7లను ఆపలేదు. కనుకనే 9 నుండి 14 ఏండ్ల బాలికలకు ముందుగా వేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వారు మన తరగతులలోనివారే.

దొంగ కథ గుమ్మము వరకే పనికివచ్చును. ఉపాధ్యాయులు దానితో పాఠము ప్రారంభింపవచ్చును, ముగింపరాదు.